నీట దిగే చక్రానికి కందెన

అమెరికాలో వేసవి శని, ఆదివారాల్లో సరస్సుల వైపు వెళ్లే ఏ రహదారి మీద నిలబడినా ఒక దృశ్యం కనిపిస్తుంది. కారు, దాని వెనుక రెండు చక్రాల ట్రెయిలర్, ట్రెయిలర్ మీద పడవ. అదే దారి పక్కన అప్పుడప్పుడు ఇంకో దృశ్యం కూడా కనిపిస్తుంది. ట్రెయిలర్ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. చక్రం నడుమ నుంచి పొగ వస్తూ ఉంటుంది. కాలిన గ్రీజు వాసన గుప్పుమంటుంది. మరీ దురదృష్టవంతులైతే అక్కడ చక్రమే ఉండదు. అది ఊడి, తన దారిన తాను దొర్లుతూ ఎదురుగా వచ్చే బళ్ల మధ్యకు వెళ్లిపోయి ఉంటుంది. గంటకు తొంభై కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చే చక్రం ఎవరి కారు అద్దాన్ని తాకితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇంత ప్రమాదానికీ మూలం అరచేతిలో ఇమిడే ఉక్కు వస్తువు. దాని పేరు బేరింగు. పడవ గల ఆసామి ఇంజను గురించీ, రంగు గురించీ, తెరచాప గురించీ పడే శ్రద్ధలో పదో వంతు కూడా దానిమీద పెట్టడు. కారణం, అది కనిపించదు.

మనకు పడవలూ లేవు, ట్రెయిలర్లూ లేవు, ఈ గొడవ మనకెందుకని మీరు అనవచ్చు. కాస్త ఆగండి. దూరం నుంచి వచ్చిన ట్రాక్టరును, లారీని ఉన్నపళంగా చెరువులోకి దింపి కడిగే డ్రైవర్లను మీరు చూసే ఉంటారు. వరి మడిలో దమ్ము చేసే ట్రాక్టరు ముందు చక్రాలు రోజంతా బురదనీటిలో మునిగి తిరుగుతాయి. అక్కడ జరిగేదీ ఇదే. కాకపోతే పడవ ట్రెయిలర్ విషయంలో ఈ సమస్య చాలా స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి దాన్నే పట్టుకుందాం.

వేడి హబ్బు, చన్నీళ్లు

పడవ ట్రెయిలర్ చక్రాలు సాధారణంగా చిన్నవి. 13 అంగుళాల రిమ్ముకు టైరు ఎక్కిస్తే మొత్తం వ్యాసం సుమారు 61 సెంటీమీటర్లు వస్తుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో అది నిమిషానికి దాదాపు 780 సార్లు తిరుగుతుంది. చిన్న చక్రం కాబట్టి పెద్ద చక్రం కన్నా ఎక్కువ చుట్లు తిరగాలి. అలా గంటా రెండు గంటలు పరుగెత్తాక, బేరింగులు కూర్చున్న హబ్బు సహజంగానే వెచ్చబడుతుంది. దాని ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెంటీగ్రేడు అనుకుందాం.

ఇప్పుడు రేవు వచ్చింది. పడవను నీళ్లలోకి జార్చాలంటే ట్రెయిలర్‌ను వెనక్కు నడిపి, సిమెంటు వాలు మీదుగా చక్రాలు మునిగేదాకా దించాలి. సరస్సు నీరు 20 డిగ్రీలు ఉందనుకుందాం. హబ్బు లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడుతుంది. పరమ మానంలో చూస్తే 333 డిగ్రీల నుంచి 293కు పడిందన్నమాట. మూసి ఉన్న పాత్రలో వాయువు పీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుందని మీరు ఇంటర్మీడియట్‌లో చదివారు. అంటే లోపలి పీడనం సుమారు 12 శాతం తగ్గుతుంది. 12 శాతమేగా అని కొట్టిపారేయకండి. వాతావరణ పీడనంలో 12 శాతం అంటే 1.2 మీటర్ల ఎత్తు నీటి స్తంభం కలిగించే పీడనం. హబ్బు మునిగిన లోతు జానెడో మూరెడో మాత్రమే. కాబట్టి నీటిని బయటి నుంచి నెట్టే లోతు కన్నా, లోపలి నుంచి పీల్చే శూన్యమే బలమైనది.

ఆ పీల్పుకు దొరికే దారి హబ్బు వెనుక ఉండే ఆయిల్ సీలు. రబ్బరు పెదవి గల ఈ ఉంగరాన్ని గ్రీజు బయటికి రాకుండా ఉండటానికి పెట్టారు. బయటి నీరు లోపలికి రాకుండా అడ్డుకోవడం దాని ప్రధాన విధి కాదు. ఏడాది వాడాక ఆ పెదవి కొంత అరిగి ఉంటుంది కూడా. నాలుగు చుక్కల నీరు లోపలికి జారుతుంది. పడవ యజమాని సాయంత్రం ఇంటికి వెళ్లి ట్రెయిలర్‌ను షెడ్డులో పెడతాడు. అది మూడు వారాలో, మూడు నెలలో కదలకుండా నిలబడుతుంది. ఆ నాలుగు చుక్కలు చేసే పని అప్పుడు మొదలవుతుంది.

ఆముదం, మసి

ఒక విచిత్రం గమనించండి. మన ఎడ్లబండి వాగులు, ఏర్లు ఎన్ని దాటినా దాని ఇరుసుకు ఇలాంటి కష్టం రాలేదు. బండి చక్రం నడుమ బిగించిన ఇనుప గొట్టంలో ఇనుప ఇరుసు కొస దూరి ఉంటుంది. రెండింటి మధ్యా వెలితి ధారాళంగా ఉంటుంది. నీళ్లు వస్తాయి, పోతాయి. బండివాడు చీల తీసి, చక్రాన్ని కొంచెం బయటికి లాగి, బండికి వేలాడదీసిన వెదురు గొట్టంలోంచి కందెన తీసి రాస్తాడు. మళ్లీ ప్రయాణం మొదలు. బండి కీచుమన్నప్పుడల్లా కందెన వేయాలన్నది అతనికి తెలిసిన సూత్రం. ఆ కీచు శబ్దమే అతనికి హెచ్చరిక గంట.

కందెన అంటే ఉత్త ఆముదం కాదు. కాల్చిన వరిగడ్డి మసిని ఆముదంలో కలిపి ముద్దగా చేసేవారు. ఆముదం ఒక్కటే అయితే కారిపోతుంది. మసి దాన్ని పట్టి ఉంచుతుంది. నేటి గ్రీజు నిర్వచనం కూడా సరిగ్గా ఇదే: నూనె, దాన్ని పట్టి ఉంచే మరో పదార్థం. శాస్త్ర గ్రంథాలు అనువదించేవారికి ఇంగ్లీషు మాటలకు తెలుగు వెతకడం నిత్యం తలనొప్పి. ఈ ఒక్క విషయంలో మాత్రం పల్లెటూరి బండివాడు మనకు శ్రమ తప్పించాడు. 'స్నేహకం' అని సంస్కృతంలో రాసినదాని కన్నా 'కందెన' అన్నప్పుడే చదివేవారి కళ్లముందు వస్తువు కనిపిస్తుంది. బేరింగుకు మాత్రం అలాంటి అదృష్టం పట్టలేదు. అది బేరింగుగానే మిగిలిపోయింది.

ఇరుసుకు కొవ్వు రాసే అలవాటు చాలా పాతది. సుమారు క్రీస్తుపూర్వం 1400 నాటి ఈజిప్టు దంపతులు యుయా, త్యుయాల సమాధిలో దొరికిన రథం ఇరుసు మీద జంతువుల కొవ్వు అవశేషాలు కనిపించాయి. అంటే మూడు వేల ఏళ్లకు పైగా మానవుడు ఘర్షణను తగ్గించడానికి ఒక్కటే ఉపాయం వాడాడు: రెండు తలాలు జారేచోట జారుడు పదార్థం పెట్టడం. జారుడును దొర్లుడుగా మార్చడం రెండో ఉపాయం. బరువైన రాళ్లను దుంగల మీద దొర్లించిన మనిషికి అదీ తెలుసు. కానీ తిరిగే చక్రం లోపల ఆ దుంగలను బంధించడం ఎలా అన్నదే ప్రశ్న.

బంధించిన బంతులు

రోము నగరానికి దక్షిణాన నేమి అనే చిన్న సరస్సు ఉంది. అందులో చక్రవర్తి కలిగులా కాలం నాటి రెండు పెద్ద ఓడలు మునిగి ఉండేవి. 1928 నుంచి 1932 వరకు సరస్సు నీటిని తోడి ఆ ఓడలను బయటపెట్టారు. వాటిలో గుండ్రటి చెక్క పీఠం ముక్కలు దొరికాయి. పీఠం తిరగడానికి అడుగున కంచు గుండ్లు అమర్చారు. క్రీస్తుశకం ఒకటో శతాబ్దం నాటి పని అది. ఓడలు మాత్రం ఇప్పుడు లేవు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, మంటల్లో కాలిపోయాయి.

ఆ తర్వాత చెప్పుకోవలసిన పేరు లియొనార్డో డావించీ. 1490ల నాటి ఆయన నోటు పుస్తకం ఒకటి మాడ్రిడ్ గ్రంథాలయంలో ఎక్కడో కలిసిపోయి 1960లలో బయటపడింది. అందులో గుండ్ల మీద తిరిగే బేరింగుల బొమ్మలున్నాయి. పక్కపక్కన ఉన్న రెండు గుండ్లు ఒకదానికొకటి తగిలితే, తగిలేచోట వాటి తలాలు ఎదురెదురు దిశల్లో కదులుతాయి. కాబట్టి అవి ఒరుసుకుంటాయి. గుండ్లను విడివిడిగా ఉంచాలన్న సంగతి ఆయనకు తట్టింది. నేడు ప్రతి బేరింగులోనూ గుండ్లను ఎడంగా పట్టి ఉంచే 'కేజి' చేసే పని అదే.

1794లో వేల్స్ దేశపు ఫిలిప్ వాన్ అనే ఇనుప కార్ఖానా యజమాని, గుర్రపు బగ్గీ ఇరుసులో గాడి తొలిచి అందులో గుండ్లు నింపే పద్ధతికి పేటెంటు పొందారు. ఊహ సరైనదే కానీ కాలం కలిసిరాలేదు. అన్నీ ఒకే సైజులో, నిక్కమైన గోళాలుగా, గట్టి ఉక్కుతో గుండ్లు చేయగల యంత్రాలు అప్పటికి లేవు. పది గుండ్లలో ఒకటి వెంట్రుకవాసి పెద్దదైతే బరువంతా దానిమీదే పడుతుంది. అది పగిలితే మిగతావీ నాశనమే.

బేరింగును నిలబెట్టింది బగ్గీ కాదు, సైకిలు. 1869లో ప్యారిస్‌కు చెందిన జూల్ సురిరే సైకిలు చక్రాలకు బాల్ బేరింగుల పేటెంటు తీసుకున్నారు. అదే ఏడాది నవంబరు 7న ప్యారిస్ నుంచి రువాన్ వరకు, అంటే సుమారు 120 కిలోమీటర్లు, జరిగిన పందెంలో జేమ్స్ మూర్ బాల్ బేరింగులున్న సైకిలు మీద గెలిచారు. గుర్రానికి లేని ఇబ్బంది మనిషికి ఉంది మరి. తన కాళ్లతో తొక్కేవాడికే ఘర్షణ విలువ బాగా తెలుస్తుంది. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ పట్టణంలో ఫ్రీడ్రిక్ ఫిషర్ ఉక్కు గుండ్లను ఏకరీతిగా సానబట్టే యంత్రాన్ని తయారుచేశారు. ఆ ఊరు బేరింగుల రాజధాని అయింది. అరవై ఏళ్ల తర్వాత దానికి ఆ కీర్తే శాపమైంది. బేరింగులు లేకపోతే విమానాలు, ట్యాంకులు ఏవీ కదలవని లెక్కవేసి అమెరికా బాంబర్లు 1943 ఆగస్టు 17న, మళ్లీ అక్టోబరు 14న ఆ ఊరి మీద దాడి చేశాయి. అక్టోబరు దాడి ఒక్కదానిలోనే అరవై బాంబర్లు కూలిపోయాయి. పిల్లలు ఆడుకునే గోళీల్లాంటి వస్తువు కోసం!

టిమ్కెన్ శంకువు

గుండు బేరింగు నిలువుగా పడే బరువును మోస్తుంది. కానీ బండి మలుపు తిరిగినప్పుడు చక్రం మీద పక్క నుంచి కూడా తోపు పడుతుంది. అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో బగ్గీలు తయారుచేసిన హెన్రీ టిమ్కెన్‌కు ఈ చిక్కు బాగా తెలుసు. ఆయన, మేనల్లుడు రెజినాల్డ్ హైన్జెల్‌మన్ కలిసి 1898లో టేపర్ రోలర్ బేరింగుకు పేటెంటు పొందారు. మరుసటి ఏడాది కంపెనీ పెట్టారు. కొద్ది కాలానికే అది ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌కు, ఉక్కు మిల్లులకూ మోటారు కార్ఖానాలకూ దగ్గరగా తరలిపోయింది.

టేపర్ బేరింగులో గుండ్లకు బదులు, ఒక కొస సన్నగా మరో కొస లావుగా ఉండే కడ్డీలుంటాయి. ఇరుసు మీద కూర్చునే లోపలి భాగాన్ని 'కోను' అంటారు. హబ్బులో బిగిసే బయటి ఉంగరం 'కప్పు'. దీని రేఖాగణితం ముచ్చటైనది. కడ్డీల వాలు రేఖలను, కోను వాలును, కప్పు వాలును ఊహలో పొడిగించి చూడండి. అన్నీ ఇరుసు మధ్యరేఖ మీద ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. అలా కలిస్తేనే కడ్డీ పొడవునా ఎక్కడా జారకుండా దొర్లుతుంది. తలాలు వాలుగా ఉండటం వల్ల నిలువు బరువునూ పక్క తోపునూ కలిపి మోస్తుంది. ఒక్కో చక్రంలో రెండు బేరింగులను ఎదురెదురు వాలుతో పెడితే ఎటు తోసినా మోసేవాడు ఉంటాడు. రెంటి మధ్య ఎంత బిగువు ఉండాలో ఇరుసు కొసన ఉన్న నట్టు నిర్ణయిస్తుంది. లారీ ముందు చక్రం, ట్రాక్టరు ముందు చక్రం, పడవ ట్రెయిలర్ చక్రం అన్నిటిలోనూ ఈ అమరికే.

మన దేశంలో బేరింగుల తయారీ జైపూరులో 1946లో స్థాపించిన నేషనల్ ఇంజనీరింగ్ ఇండస్ట్రీస్‌తో మొదలైంది. అంతకు ముందు ప్రతి బేరింగూ ఓడలో రావలసిందే. అరిగిపోయినవి కూడా వృథా పోలేదనుకోండి. లారీ షెడ్డులో పారేసిన బేరింగులను మూడు చక్రాలుగా పెట్టి, చెక్క పలక బిగించి, వీధి వాలులో గరగరలాడిస్తూ తోలిన బేరింగుల బండి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

నునుపే బలహీనత

ఇక మళ్లీ ఆ నాలుగు చుక్కల నీటి దగ్గరికి వద్దాం. బండి ఇరుసును ఏమీ చేయలేని నీరు బేరింగును ఎందుకు చంపుతుంది?

1881లో హైన్రిక్ హెర్ట్జ్ అనే యువ శాస్త్రజ్ఞుడు, వంపు తిరిగిన రెండు ఘనవస్తువులు ఒకదానికొకటి అదుముకుంటే తాకేచోట ఎంత పీడనం పుడుతుందో లెక్కగట్టారు. తర్వాత రేడియో తరంగాలతో లోకానికి పరిచయమైన హెర్ట్జే ఈయన. ఆ లెక్క ప్రకారం బేరింగులో గుండో కడ్డీయో తాకే చోటు చాలా చిన్నది. కాబట్టి అక్కడి పీడనం చదరపు సెంటీమీటరుకు పది టన్నులు కూడా దాటగలదు. రెండు ఉక్కు తలాలనూ విడదీసి ఉంచే నూనె పొర మందం తల వెంట్రుకలో వందో వంతు కన్నా తక్కువ. బేరింగు ఆయువంతా ఆ పొర మీద, ఆ నునుపు మీద ఆధారపడి ఉంది. వెలితి ఉన్నచోట దుమ్ముకూ నీటికీ చోటుంటుంది. వెలితే లేనిచోట ఇసుక రేణువు కూడా బండరాయే.

నీరు రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. ఒకటి, నడిచేటప్పుడు నూనె పొరను బలహీనం చేస్తుంది. టిమ్కెన్ పరిశోధకుడు కాంట్లీ 1977లో ప్రచురించిన ఫలితాలు దీన్ని చక్కగా చూపాయి. నూనెలో నీరు 0.01 శాతం నుంచి 0.04 శాతానికి పెరిగితే చాలు, బేరింగు అలసట ఆయువు సగానికి తక్కువవుతుంది. ఇది కంటికి కనిపించే నీరు కాదు. రెండు, ఆగి ఉన్నప్పుడు తుప్పు పట్టిస్తుంది. కదలని కడ్డీకీ కప్పుకూ మధ్య సన్నని సందులో నీరు నిలిచి, కడ్డీ ఆకారంలో గీత పడేటట్టు ఉక్కును తినేస్తుంది. ఉప్పునీరైతే ఇంకా త్వరగా. తర్వాతి ప్రయాణంలో ప్రతి కడ్డీ ప్రతి చుట్టులోనూ ఆ గీతల మీద ఎగిరి పడుతుంది. గీత అంచులు రాలుతాయి. రాలిన ఉక్కు పొడి గ్రీజులో కలిసి సానరాయిలా పనిచేస్తుంది. వేడి పెరిగి గ్రీజు కరిగి కారిపోతుంది. కేజి విరుగుతుంది. కడ్డీలు అడ్డదిడ్డంగా పడి ఇరుసును కోసేస్తాయి. రహదారి పక్కన మనం చూసిన పొగ ఈ వరుసలో చివరి మెట్టు.

పడవ ఇంటికొచ్చాక

ఓల్ ఎవిన్‌రూడ్ 1909లో పడవ వెనుక తగిలించే మోటారును అమెరికా బజారుకు తెచ్చారు. చిన్న పడవలకు రెక్కలొచ్చాయి. అయినా పడవ రేవులోనే ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కథ మారింది. తేలికైన ఫైబర్‌గ్లాస్ పడవలు వచ్చాయి. ఆనకట్టల వెనుక కొత్త జలాశయాలు వెలిశాయి. 1956 చట్టంతో అంతర్రాష్ట్ర రహదారులు మొదలయ్యాయి. నీటికి రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడు కూడా పడవ కొని ఇంటి ముందు నిలుపుకోగలిగాడు. దాని కోసం తయారైన ట్రెయిలర్‌కు కొత్త చక్రమేమీ కనిపెట్టలేదు. పొడి నేల మీద తిరిగే బళ్ల కోసం చేసిన హబ్బునే తగిలించారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

విరుగుడుగా అమెరికాలో వచ్చిన వాటిలో బాగా పేరు పొందింది 'బేరింగ్ బడ్డీ'. హబ్బు మూతికి బదులు బిగించే ఈ డబ్బాలో స్ప్రింగుతో నొక్కి ఉంచిన పిస్టను ఉంటుంది. నిపుల్ ద్వారా గ్రీజు ఎక్కిస్తే పిస్టను బయటికి జరిగి, ఆ తర్వాత గ్రీజును లోపలికి అదుముతూ ఉంటుంది. ఆ అదుము చదరపు అంగుళానికి సుమారు 3 పౌన్లు, అంటే రెండు మీటర్ల నీటి స్తంభానికి సమానం. మనం పైన లెక్కగట్టిన పీల్పు 1.2 మీటర్లు. కాబట్టి ఉపాయం లెక్కకు నిలుస్తుంది. అంతే కాదు, హబ్బు నిండా గ్రీజు ఉంటే ముడుచుకోవడానికి గాలే తక్కువ.

కానీ ఇందులో ఒక మోసం ఉంది. గ్రీజు ముందు నుంచి ఎక్కుతుంది. వెనుక బేరింగు ఎలా ఉందో ఎవరికీ తెలియదు. మూతి నిండుగా కనిపిస్తోంది కదా అని యజమాని ఏళ్ల తరబడి హబ్బు విప్పడు. అతి ఉత్సాహంతో గ్రీజు గన్ను నొక్కేవారు వెనుక సీలును ఊడగొడతారు. బ్రేకులున్న ట్రెయిలరైతే గ్రీజు అంతా బ్రేకు బద్దల మీద పడుతుంది. దీన్ని గమనించి మరికొన్ని కంపెనీలు ఇరుసులోనే రంధ్రం తొలిచి, కొత్త గ్రీజు ముందు వెనుక బేరింగుకు చేరి, పాత గ్రీజును ముందువైపుకు నెట్టుకొచ్చేటట్టు చేశాయి. ఇంకొందరు గ్రీజు మానేసి నూనె నింపిన హబ్బులు పెట్టారు. వాటి మూతి పారదర్శకంగా ఉంటుంది. నీరు చేరితే నూనె పాలలా తెల్లబడి కనిపిస్తుంది. నా మటుకు నాకు ఈ చివరిదే మెచ్చదగ్గ ఆలోచన అనిపిస్తుంది. బండివాడికి కీచు శబ్దం ఇచ్చిన హెచ్చరికను అది తిరిగి తెచ్చింది.

బ్రిటన్‌లో చిన్న తెరచాప పడవల వారు అసలు సమస్యనే తప్పించుకున్నారు. పడవ ఒక చిన్న తోపుడు ట్రాలీ మీద కూర్చుంటుంది. ఆ ట్రాలీ రోడ్డు ట్రెయిలర్ మీద కూర్చుంటుంది. రేవులో ట్రాలీ ఒక్కటే నీళ్లలోకి దిగుతుంది. నిదానంగా నడిచే దాని చక్రాలకు ఉక్కు బేరింగులు అక్కర్లేదు, ప్లాస్టిక్ బుష్షులు చాలు. మన ఎడ్లబండి సూత్రమే, పదార్థం వేరు.

గ్రీజు సంగతి

గ్రీజులో నూనెను పట్టి ఉంచేది సాధారణంగా ఒక రకం సబ్బు. సోడియం సబ్బు వేడికి ఓరుస్తుంది కానీ నీటిలో కరిగిపోతుంది. పాతకాలపు కాల్షియం సబ్బు నీటికి ఓరుస్తుంది కానీ వేడికి ఆగదు. పడవ ట్రెయిలర్‌కు రెండూ కావాలి. 1942లో అమెరికాలో క్లారెన్స్ ఎర్ల్ లిథియం సబ్బు గ్రీజుకు పేటెంటు పొందారు. ఇది 180 డిగ్రీల దాకా ముద్దగానే ఉండి, నీటిలో కరగకుండా రెండు గుణాలనూ కలిపింది. నేడు ప్రపంచంలో ఎక్కువగా వాడేది లిథియం రకమే.

ఇందులో మనకు సంబంధించిన ముక్క ఒకటుంది. ఈ గ్రీజుల్లో ముఖ్యమైన సబ్బు 12-హైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లం నుంచి తయారవుతుంది. ఆ ఆమ్లం ఆముదాన్ని హైడ్రోజనీకరించి తీసినది. ఆముదం పండించడంలో ప్రపంచంలో మొదటి స్థానం భారతదేశానిది. అందులో సింహభాగం గుజరాత్‌ది. మహబూబ్‌నగర్, నల్గొండ మెట్ట పొలాల్లోనూ ఈ పంట పాతదే. టెక్సాస్ సరస్సులో మునిగే హబ్బులోని గ్రీజుకూ, మన బండి కింద వేలాడిన వెదురు గొట్టానికీ చుట్టరికం ఉందన్నమాట.

ఒకే జాగ్రత్త: వేర్వేరు సబ్బుల గ్రీజులను కలపకూడదు. విడివిడిగా మంచివే అయినా కొన్ని జంటలు కలిస్తే పలచబడి కారిపోతాయి. పాతది ఏ రకమో తెలియకపోతే పూర్తిగా కడిగి కొత్తది పెట్టడమే మార్గం.

విప్పి చూడటం

ఏడాదికొకసారి, లేదా నీటిలో ఎక్కువగా దిగే బండి అయితే ఇంకా ముందే, హబ్బు విప్పాలి. చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. లొడలొడలాడుతోందా? చేత్తో తిప్పి చెవి ఒగ్గండి. గరగర వినిపిస్తోందా? ఇక మూతి, స్ప్లిట్ పిన్ను, కాజిల్ నట్టు వరసగా తీస్తే ముందు బేరింగు చేతికొస్తుంది. వెనుకది సీలుతో పాటు వస్తుంది. సీలును మళ్లీ వాడకండి. దాని వెల మొత్తం ఖర్చులో లెక్కలోకి రాదు.

గ్రీజు రంగు చూడండి. పాలలా తెల్లబడితే నీరు చేరింది. ఎర్రబడితే తుప్పు మొదలైంది. వెండిలా మెరుస్తుంటే ఉక్కు రాలుతోంది. కిరసనాయిలులో కడిగి ఆరబెట్టండి. గాలి గొట్టంతో బేరింగును గిరగిర తిప్పడం కొందరికి సరదా. కేజి విచ్చుకుని కడ్డీలు తూటాల్లా లేచే ప్రమాదముంది, వద్దు. కప్పు లోపలి తలాన్ని వెలుతురులో చూడండి. కడ్డీల ఎడంతో సమానంగా నల్లటి గీతలు కనిపిస్తే అది నిలబడి ఉన్నప్పుడు నీరు చేసిన పని. గీత గోరుకు తగిలితే ఆలోచించనక్కర్లేదు, మార్చాలి. నీలి రంగు తిరిగిన ఉక్కు వేడికి మెత్తబడింది, అదీ మార్చాలి.

మార్చేటప్పుడు కోను ఒక్కటే మార్చి పాత కప్పు ఉంచడం తప్పుడు పొదుపు. అవి జత. మూడున్నర వేల పౌన్ల అమెరికన్ ఇరుసుకు వెనుక ఎల్ 68149, ముందు ఎల్ 44649 నంబర్ల కోనులు దాదాపు అందరికీ కంఠతా వచ్చినవే. మీ బండికి ఏవో పాత బేరింగు అంచు మీద చెక్కిన నంబరు చెబుతుంది. పాత కప్పును ఇత్తడి కడ్డీతో చుట్టూ కొద్దికొద్దిగా తట్టి తీయండి. కొత్తది వంకర పోకుండా, అడుగు తగిలిందన్న గట్టి శబ్దం వచ్చేదాకా దింపండి.

గ్రీజు పైన పూస్తే చాలదు. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని బేరింగు లావు అంచును దాని మీద ఒత్తుతూ, కడ్డీల మధ్య నుంచి అవతలి వైపు గ్రీజు పైకి వచ్చేదాకా కానివ్వండి. మెకానిక్కులు దీనికి కనిపెట్టిన పరికరాలున్నాయి గానీ అరచేతిని మించింది లేదు.

చివరికి నట్టు. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. బలంగా బిగిస్తే బేరింగు మాడిపోతుంది, వదులైతే కొట్టుకుంటుంది. చక్రం తిప్పుతూ ముందు గట్టిగా బిగించండి, అన్నీ కుదురుకుంటాయి. తర్వాత పూర్తిగా వదులు చేసి, రెంచి పక్కన పెట్టి, వేళ్లతో బిగినంత మాత్రమే బిగించండి. స్ప్లిట్ పిన్ను రంధ్రానికి నట్టు గాడి ఎదురు రాకపోతే వెనక్కి తిప్పండి, ముందుకు కాదు. చక్రంలో అటూ ఇటూ మిల్లీమీటరులో పాతిక వంతుకు మించని కదలిక ఉండవచ్చు. పిన్ను ప్రతిసారీ కొత్తదే వేయండి.

బయల్దేరాక ఇరవై కిలోమీటర్లకు ఒకసారి ఆగి, చేతి వెనుక భాగంతో రెండు హబ్బులనూ తాకి చూడండి. రెండూ గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటి చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే నట్టు బిగువు మళ్లీ చూడాలి. రేవు చేరాక తొందరపడకండి. తాళ్లు విప్పుకుంటూ, సామాన్లు సర్దుకుంటూ పావుగంటో అరగంటో గడిపితే హబ్బులు చల్లారుతాయి. ఆ లోగా ట్రెయిలర్ వెనుక లైట్ల ప్లగ్గు కూడా పీకి ఉంచండి. వేడి బల్బుకు కూడా చన్నీళ్లు పడవు.